ముందు కదిలిందెవరు

పోయిన వారం మనం కథను గాల్లో వదిలేసి వచ్చాం. కథతోపాటు ఇనప చువ్వల కట్టను కూడా. సగం లేచిన ఆ పెద్ద భవనం పక్కన, ఆకాశంలోకి పొడుచుకుపోయిన క్రేను మీది గాజు గదిలో పైబావ కూర్చుని ఉన్నాడు. నేల మీద నారింజ రంగు కోటు తొడుక్కుని కిందబావ నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా లారీకి సరిపడా చువ్వలు ఆగవలసిన చోట ఆగకుండా, పనివాళ్ళు భోజనానికి కూర్చునే బల్ల మీదికి దిగుతున్నాయి. వారం రోజులుగా ఊపిరి బిగబట్టుకున్నవాళ్ళు ఇక వదలవచ్చు. భోజనం గంట ఇంకా కొట్టలేదు కాబట్టి అక్కడ మనిషన్నవాడు లేడు. పోయిన ప్రాణం బల్లది ఒక్కటే.

ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు. ఆ పరుగులో నెత్తిమీది టోపీ వెనకది ముందుకి తిరిగిపోయింది.

"ఎవరిదయ్యా తప్పు?"

కిందబావ చెయ్యెత్తాడు. "నాదే సార్. ఆపమనాల్సింది, దించమన్నాను."

"అయితే ఇక నువ్వు రావద్దు."

పైబావ నిచ్చెన దిగి నేలకి చేరేసరికి తీర్పు అయిపోయింది. అతను చువ్వల వంక చూశాడు, బల్ల వంక చూశాడు, బావమరిది వంక చూశాడు. మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఇదంతా నిన్న, సోమవారం నాటి మాట.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళకి వరసలు చెప్పాలి. పైబావ పెళ్ళాం కిందబావకి స్వయానా అక్క. అంచేత పైవాడు బావ, కిందవాడు బావమరిది. కానీ పిలుపులు సగం దుమ్ములోనూ సగం మోతలోనూ కలిసిపోయే సైటులో అంత సూక్ష్మాలు ఎవరికి కావాలి? ఇద్దరికీ బావ బిరుదు తగిలించి, పైన కూర్చునేవాడు పైబావ, కింద నిలబడేవాడు కిందబావ అని తేల్చేశారు. కిందబావ చేతులతో సైగ చేస్తాడు, పైబావ ఆ సైగ చూసి కొక్కెం కదుపుతాడు. నడుముకి వాకీటాకీలు ఉన్నాయి గానీ అవి అలంకారానికే. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ మాటతో పని పడలేదు.

పైబావ పనితనం గురించి సైటులో చెప్పుకునే కబుర్లు వింటే మీరు నమ్మరు. నమ్మవలసిన అవసరం కూడా లేదు. ఒకసారి పిచ్చుక గూడు పెట్టిన ఇనప దూలాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి మార్చవలసి వచ్చిందట. మార్చి కింద పెట్టేదాకా గూట్లో తల్లి పిచ్చుక నిద్ర లేవలేదట. గుడ్లు రెండని కొందరంటారు, నాలుగని కొందరంటారు. చెప్పేవాడికి హుషారెక్కిన కొద్దీ ఆ పిచ్చుక గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఇంకోసారి గాలివానలో పక్క మేడ మీద ఆరేసిన చొక్కాని కొక్కెంతో పట్టి, కాలరు నలక్కుండా సొంతదారు చేతికి అందించాడట. అంతటి మనిషి నిన్న ఒక బల్లను చూసుకోలేకపోయాడంటే ఎవరు నమ్ముతారు? తప్పు కిందబావదేనని సైటంతా ఇట్టే నమ్మేసింది.

అసలు సంగతి కిందబావకి ఒక్కడికే తెలుసు. తెలుసు అనడం కూడా కొంచెం ఎక్కువే. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ సంగతి అతని కడుపులో చేపపిల్లలా అటూ ఇటూ ఈదుతోంది గానీ చేతికి చిక్కడం లేదు.

ఇవాళ క్రేనుకి సెలవు. పైబావకి గుండె డాక్టరమ్మ దగ్గర పరీక్ష. వరసగా బిగించిన ఇనప కుర్చీల్లో ముగ్గురూ కూర్చున్నారు. మధ్యలో అక్క, ఒడిలో స్కాను ఫిల్ములున్న పెద్ద కవరు. కుడివైపు పైబావ, చెప్పుల్లోంచి పొంగుకొచ్చిన పాదాలతో. ఎడమవైపు కిందబావ. అతని మోకాలు ఆగకుండా కొట్టుకుంటోంది. ఆ అదురు కుర్చీల వరస పొడుగునా పాకి, చివరి కుర్చీలో కునుకు తీస్తున్న ముసలాయన తల కూడా లయగా ఊగుతోంది.

"ఆ కాలు ఆపరా," అంది అక్క. నిన్నటినుంచి ఆమె తమ్ముడితో అన్న మొదటి మాట అది.

కిందబావ కాలు ఆపాడు. చెయ్యి మొదలుపెట్టింది. కుర్చీ చేతి మీద వేళ్ళు దరువేశాయి.

"నువ్వు చెయ్యి కుదురుగా పెట్టుకునే వాడివైతే నిన్న ఆ పని జరిగేది కాదు," అంది అక్క, కవరు వంకే చూస్తూ. "ఆ బల్ల దగ్గర ఎవరైనా ఉండి ఉంటే? ఈయనకసలే గుండె బాగోలేదు. కళ్ళముందు అలాంటిది చూస్తే తట్టుకునేవారా?"

"పోనీలేవే," అన్నాడు పైబావ. "చిన్నవాడు."

చిన్నవాడికి మీసాలు నెరిశాయి. ఆ దయాగుణమే కిందబావకి మింగుడుపడలేదు. బావ తనని వెనకేసుకొస్తున్నాడు. తప్పు నిజంగా తనదే అన్నట్టు, పెద్దమనసుతో క్షమిస్తున్నాడు. అది నటనైతే బాగుండును అనుకున్నాడు. కానీ బావ మొహంలో నటన లేదు.

నోరు విప్పితే బావ క్రేను దిగిపోతాడు, మళ్ళీ ఎక్కడు. విప్పకపోతే రేపు పొద్దున మళ్ళీ ఎక్కుతాడు, కింద బల్లే ఉంటుందో మనిషే ఉంటాడో. కిందబావ లేచి నీళ్ళ పంపు దాకా వెళ్ళాడు. దాహం లేదు. తిరిగొచ్చాడు. గోడమీది బొమ్మలో ఎర్రగా నీలంగా ఉన్న నరాల్ని చూశాడు. మళ్ళీ వెళ్ళాడు.

"ఆ పంపు ఎక్కడికీ పోదురా," అన్నాడు పైబావ. "కాపలా అక్కర్లేదు."

అప్పుడు లోపల్నుంచి పిలిచారు.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుకుతోంది. అక్క చూపించింది. "ఇంట్లో కూడా ఇంతేనండీ," అని నవ్వి, కళ్ళజోడు దించుకుని, పైబావని మంచం మీద కూర్చోబెట్టింది. మెడ పక్క నరం చూసింది. వీపు మీద గొట్టం పెట్టి ఊపిరి విన్నది. పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట పడింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"ఆయాసం ఎలా ఉంది?"

"ఏ ఆయాసం? నిచ్చెన ఎక్కుతూ మధ్యలో ఆగి ఊరు చూస్తానంతే."

"ఊరు ఎన్నిసార్లు చూస్తారు?"

"ఈమధ్య బాగా పెరిగిందమ్మా ఊరు."

డాక్టరమ్మ నవ్వలేదు. "నీళ్ళ మాత్ర రోజూ పొద్దున్నే వేసుకుంటున్నారా?"

"వేసుకోకేం."

"వేసుకుంటే ఈ వాపు ఉండకూడదు. ఉన్నదంటే మాత్రైనా అబద్ధం చెప్పాలి, మీరైనా చెప్పాలి."

పైబావ కిటికీ వైపు తిరిగాడు. బయట చూడడానికి పక్క గోడ తప్ప ఏమీ లేదు, అయినా శ్రద్ధగా చూశాడు. జవాబు కిందబావకి తట్టింది. క్రేను మీది గదిలో కుర్చీ ఉంది, మీటలున్నాయి, చిన్న ఫ్యాను కూడా ఉంది. లేనిదల్లా ఒక్క సదుపాయమే. నీళ్ళ మాత్ర వేసుకున్న మనిషి గంటలో రెండుసార్లు లేవాలి. అంత ఎత్తునుంచి రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కితే క్రేను నడిపేదెప్పుడు?

"డ్యూటీ రోజుల్లో కుదరదన్నారండీ," అంది అక్క. దాచిపెట్టినట్టు కాదు, బుద్ధిగా ఒప్పజెప్పినట్టు. "అందుకని ఆదివారం నాడు కలిపి వేస్తున్నాను. పొద్దున మూడు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. ఒక్కటీ పారేయలేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ నెత్తిమీదికి తోసుకుంది.

"అమ్మా, అవి వారం రోజుల బట్టలు కావు, ఆదివారం కూర్చుని ఒకేసారి ఉతికేయడానికి. ఆరు రోజులు ఒంట్లో నీరు చేరి గుండెని ముంచుతోంది. ఏడో రోజు మీరు ఒక్కసారిగా తోడేస్తున్నారు. ఆ తోడుడుకి రక్తపోటు పడిపోతుంది, ఒంట్లో ఉప్పు తారుమారవుతుంది. మర్నాటికి మనిషి లేచి తిరుగుతాడు గానీ బుర్ర తేటగా ఉండదు. సోమవారాలు ఈయన ఎలా ఉంటారు?"

అక్క ఆలోచించింది. "చిరాగ్గా ఉంటారు. కిందటి సోమవారం చొక్కా మీద చొక్కా వేసుకుని బయల్దేరారు. చలిగా ఉందేమో అనుకున్నాను."

నిన్న సోమవారం. కిందబావ వేళ్ళు దరువు ఆపేశాయి.

"అయితే నేనే చేశానా ఇదంతా?" అంది అక్క, మెల్లగా.

"మీరొక్కరే కాదు. సోమవారాలు మీవి, ఆయనవి. మిగతా రోజులు గుండెవి." డాక్టరమ్మ కవరులోంచి ఫిల్ము తీసి వెలుగు పెట్టె మీద అంటించింది. అది గుండె బొమ్మ కాదు. తల బొమ్మ. "పెద్దాయనా, మీరు కట్టే మేడకి నీళ్ళ మోటారు ఉంటుంది కదా. మోటారు నీరసపడితే ముందు ఏ అంతస్తులో పంపు సన్నగిలుతుంది?"

"పై అంతస్తులో."

"ఇదే మీ పై అంతస్తు. గుండె చాలినంత రక్తం తొయ్యలేకపోతే మెదడుకి అందేది తగ్గుతుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. ఏళ్ళ తరబడి అలా సన్నగా అందితే కొన్ని చోట్ల కొంచెం కొంచెంగా చిక్కిపోతుంది. ఇదిగో, ఈ ఖాళీలు ఇంత ఉండకూడదు. కొత్త సంగతిని పట్టి ఉంచేది ఈ భాగం. ఒక పని మీద మనసు నిలపడం, చూసిన దానికి తగ్గట్టు చెయ్యి ఆపుకోవడం, అవీ మందగిస్తాయి. పాత పనులు మాత్రం చెయ్యి దానంతట అదే చేసుకుపోతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి తొందరగా తెలియదు."

"అంటే నాకు పిచ్చా?"

"కాదు. మతిమరుపుగా పుట్టిన రోగం కూడా కాదు. మోటారు సంగతి చూసుకుంటే, మాత్ర రోజూ సరిగ్గా పడితే, కొంత తిరిగి రావచ్చు. అంతా వస్తుందని చెప్పను. ముందు మాత్రం మీరు ఆ క్రేను దిగాలి."

పైబావ నవ్వాడు. సైటులో అందరూ ఎరిగిన నవ్వు అది, ఎదుటివాడి మాటని చుట్ట చుట్టి పక్కన పెట్టేసే నవ్వు.

"డాక్టరమ్మా, బొమ్మలో ఖాళీలుంటే ఉండనీ. పనిలో ఖాళీ ఉందా చూడండి. నిన్న తప్పు జరిగిందంటే అది వీడి చెయ్యి. వాడే ఒప్పుకున్నాడు, అడగండి. నా చెయ్యి ఇన్నేళ్ళలో సైగ దాటలేదు."

అక్క తమ్ముడి వంక చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. కిందబావకి గది ఇరుకైపోయింది. తలుపు పిడి ఎక్కడుందో చూసుకున్నాడు.

"నాకు క్రేన్ల సంగతి తెలీదు," అంది డాక్టరమ్మ. "ఎలా చేస్తారో చూపించండి ఒకసారి."

బల్ల మీద ప్లాస్టిక్ గుండె ఒకటి ఉంది, పిల్లల బొమ్మలా రెండు ముక్కలుగా విడేది. పైబావ హుషారుగా దాన్ని అందుకున్నాడు. డాక్టరమ్మ మెడలోని గొట్టం అడిగి పుచ్చుకుని గుండెకి ఉచ్చు బిగించాడు. కుర్చీలో వెనక్కి సర్దుకుని, ఆ గుండెని గాల్లో వేలాడదీశాడు. నిజంగానే అది గాల్లో ఇసుమంతైనా ఊగలేదు.

"పడేస్తారేమోనండీ, ఆవిడ సామాను," అంది అక్క.

"నిండు దూలాల్ని పడెయ్యనివాణ్ణి, గుప్పెడు గుండెని పడేస్తానటే?"

కిందబావ గది మూలకి వెళ్ళి నిలబడ్డాడు. మోచెయ్యి మడిచి చూపుడువేలు పైకెత్తి తిప్పాడు. గుండె పైకి లేచింది. చెయ్యి పక్కకి చాపాడు. గుండె ఆ పక్కకి జరిగింది. వేలు నేల వైపు చూపి తిప్పాడు. దిగింది. అరచెయ్యి నేలకి బోర్లించి అటూ ఇటూ ఊపాడు. ఆగింది. పెన్నుల డబ్బాకీ కాయితాల బొత్తికీ మధ్య, ఏదీ తగలకుండా. అక్క మొహం కొంచెం విచ్చుకుంది.

"బాగుంది," అంది డాక్టరమ్మ. "ఇంకోసారి చెయ్యండి." ఈసారి ఆమె గుండెని చూడలేదు. కిందబావ చేతిని చూడలేదు. రెంటికీ మధ్యలో ఎక్కడో చూపు నిలిపింది, రోడ్డు దాటేవాళ్ళు రెండు వైపులా ఒకేసారి గమనించినట్టు.

లేచింది. జరిగింది. దిగింది. ఆగింది.

"మరొక్కసారి. ఈసారి మీరు చేతులు వెనక్కి కట్టుకోండి," అంది కిందబావతో.

"చేతులు కట్టుకుంటే సైగ ఎలా చేస్తానండీ?"

"చెయ్యకండి."

కిందబావ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎదురుగా కుర్చీలో బావ, ఎప్పటిలాగే కళ్ళు చికిలించి తననే చూస్తున్నాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత గుండె లేచింది. పక్కకి జరిగింది. మెల్లగా, ఎంతో నేర్పుగా దిగి, ఈసారి పెన్నుల డబ్బా మీద వాలింది. డబ్బా ఒరిగింది. పెన్నులు బల్ల మీద దొర్లి నేలకి రాలాయి.

"అదేమిట్రా," అన్నాడు పైబావ. "దించమన్నావు కదా."

కిందబావ వెనక కట్టుకున్న చేతులు ముందుకి తెచ్చి బావకి చూపించాడు, రెండూ ఖాళీ అన్నట్టు. అలా ఎందుకు చూపించాడో అతనికే తెలియదు.

డాక్టరమ్మ వంగి పెన్నులు ఏరుకుంటూ, మామూలు గొంతుతో అడిగింది. "ముందు కదిలేది కొక్కెమా, మీ చెయ్యా?"

నిన్నటినుంచి కడుపులో ఈదుతున్న చేపపిల్ల అప్పుడు చేతికి చిక్కింది.

"కొక్కెం," అన్నాడు కిందబావ.

"ఒరేయ్," అంది అక్క.

"కొక్కెమే అక్కా. ఎప్పట్నించో తెలీదు. బావ అన్నీ నాకంటే ముందే కనిపెట్టేవాడు కదా. నేను చెయ్యెత్తేలోపే లేపేవాడు. బాగా కలిసిపోయాం, చెప్పకుండానే తెలిసిపోతోంది అనుకునేవాణ్ణి. కొక్కెం ఎటు కదిలితే అటు నా చెయ్యి వెళ్ళేది. ఇంజనీరు చూసినా, ఎవరు చూసినా సైగా కొక్కెం ఒకటిగానే కనపడేవి. నాకూ అలాగే కనపడేది. నిన్న చువ్వలు బల్ల మీదికి దిగుతుంటే నా చెయ్యి కూడా దించమనే ఊపింది. ఆపమనాలని తోచేసరికి బల్ల లేదు."

"అయితే నిన్న తప్పు నీది కాదా?"

"నాది కూడా. అబద్ధమంతా చెప్పలేదు నేను."

పైబావ ఒళ్ళో గుండె పెట్టుకుని కూర్చున్నాడు. మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. గొట్టం ముడి విప్పబోయాడు. అది అతని వేళ్ళకి లొంగలేదు. అక్క విప్పింది.

"నేనొకటి చెప్తాను, అరవకండి," అన్నాడు. "పైన కూర్చున్నాక, ఏది ఎక్కడ దించాలో ఈమధ్య నాకు నిలవడం లేదు. పొద్దున ఇంజనీరు చెప్తాడు. కుర్చీలో కూర్చునేసరికి జారిపోతుంది. మొదట్లో భయమేసింది. తర్వాత అనుకున్నాను, నాకెందుకు, కింద వీడున్నాడు కదా, వీడి చెయ్యి చూసి నడుపుకుంటే సరిపోతుంది కదా అని. అప్పట్నించీ వీడి చెయ్యి చూసే నడుపుతున్నాననుకున్నాను." బావమరిది వంక చూశాడు. "నువ్వు నన్ను చూసి ఊపేవాడివా?"

"నిన్ను చూసే బావా."

"నేను నిన్ను చూసి, నువ్వు నన్ను చూసి." పైబావ చాలాసేపు తల ఊపాడు. "మరి ఇన్నాళ్ళూ క్రేను నడిపిందెవరురా?"

ఆ ఎత్తులో, ఆ బరువుల్తో, ఇన్ని రోజులు నడుస్తూ వచ్చిన ఆ యంత్రం కిందబావ కళ్ళముందు ఖాళీ గదితో, ఖాళీ నేలతో కనిపించింది. అక్క కుర్చీ జరుపుకుని భర్త దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఆమె వంగి, మడమ కింద ఇరుక్కున్న అతని చెప్పు సరిచేసింది.

"దిగిపోండి ఇక," అంది. "నేను కూడా ఆదివారాలు మానేస్తాను. రోజూ వేస్తాను. మీరు రోజూ లేవండి. ఇల్లు నేలమీదే ఉంది."

ఎంత మొండికేస్తాడో అనుకున్నారు. పైబావ పసివాడిలా తలూపాడు. "సరే," అన్నాడు. అంత తేలిగ్గా. వాదన కోసం లోపల కండలు బిగించుకున్న కిందబావకి ఆ బిగువు ఎక్కడ వదలాలో తెలియలేదు. గోడదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

డాక్టరమ్మ కాయితం ముందుకి లాక్కుంది. ఎత్తుల మీద పనికి పనికిరాడని రాసి ఇస్తే, సైటు ఆఫీసులో చూపించవచ్చునంది. పెన్ను మూత తీస్తూ, దేన్నీ వదలని అలవాటు కొద్దీ, మరో ప్రశ్న వేసింది.

"ఇలా నడుస్తున్న రోజుల్లో ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు," అన్నాడు పైబావ వెంటనే. ఆ వెంటనే నుదురు ముడుచుకుంది. "ఆగండి. ఒక వెల్డరు ఉండేవాడు కదరా. కాలు."

ఉండేవాడు. నెల కిందట ఇనప రేకు దించుతుంటే ఆ వెల్డరు పాదం దాని కింద పడింది. చెయ్యి లేవకముందే కొక్కెం కదిలిందని వాడు మొత్తుకున్నాడు. సైటంతా నవ్వింది. క్రేనుకి దెయ్యం పట్టిందట అని కొన్నాళ్ళు వాడి మాటని నాటకం కట్టి ఆడుకున్నారు. ఆ నవ్వులో కిందబావ కూడా ఉన్నాడు. చివరికి చూసుకోకుండా నిలబడ్డాడని వాడినే పనిలోంచి తీసేశారు.

"వాడు చెప్పింది నిజమన్నమాట," అన్నాడు పైబావ. లేచి నిలబడ్డాడు. ఆయాసంతో ఒక చెయ్యి బల్ల మీద ఆనించాడు. "పదరా, వాడింటికి వెళ్దాం. ఇప్పుడే. తప్పు నాదని వాడి మొహాన చెప్పాలి. రేపటికి ఈ మాట నాలో ఉంటుందో ఉండదో."

కిందబావ కదలలేదు.

"ఏం, ఇల్లు తెలీదా?"

"తెలుసు బావా. పోయిన వారమే వెళ్ళాం."

"ఎవరు?"

"నువ్వూ నేనూ. నువ్వే తీసుకెళ్ళమన్నావు, ఊరికే పలకరించి వద్దామని. వాడి ఇంట్లో నులక మంచం మీద కూర్చుని, వాడి బిడ్డని ఎత్తుకుని, పిచ్చుక కథ కూడా చెప్పావు. గుడ్లు ఆరన్నావు."

పైబావ భార్య వైపు తిరిగాడు, నిజమేనా అన్నట్టు. ఆమెకి అసలు ఈ సంగతే తెలియదు.

"ఇంకా ఏమన్నాను?"

"మాటిచ్చావు. కుంటికాలుతో వెల్డింగు చెయ్యలేకపోతే పోనీ, నా క్రేను కింద ఏదో ఒక పని ఇప్పిస్తాను, పైన నేనుండగా నీ వంటిమీద ఈగ వాలదు అన్నావు. మర్నాడే ఇంజనీరుని అడిగావు. నీ మాట కాదనలేక, ఖాళీ వస్తే చూద్దామన్నాడు." "నిన్న వచ్చింది బావా ఖాళీ. నాదే. రాత్రి వాడు నాకు ఫోన్ చేశాడు, సంతోషం పట్టలేక ఏడుస్తూ. రేపు పొద్దున్నించి నా చోట నిలబడి సైగలు చేసేది వాడే. పెద్దాయన పైన ఉన్నన్నాళ్ళూ నీకీ పని ఉంటుందని ఇంజనీరు చెప్పాడట. ఆయన దిగిన రోజు నువ్వు కూడా గేటు దాటాలన్నాడట."

డాక్టరమ్మ పెన్ను కాయితం మీద ఆగిపోయింది.

"రాయండి డాక్టరమ్మా," అంది అక్క.

"రాయకండి," అన్నాడు పైబావ. "రేపొక్కరోజు ఎక్కుతాను."

"ఎక్కితే ఆ కుంటివాడి నెత్తిమీదే దించుతారు."

"ఎక్కకపోతే వాడి పిల్లల నెత్తిమీద దించినట్టు కాదటే?"

గుమ్మం బయట తరవాతి రోగిని పిలుస్తున్నారు. లోపల ఎవరూ లేవలేదు. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి తలుపు దగ్గర తచ్చాడుతున్న కిందబావ వైపు తిరిగారు.

"నువ్వు చెప్పరా," అంది అక్క.

"నువ్వే చెప్పరా," అన్నాడు బావ.